సొట్ట పడని కంచం

వడమాలపేట,
9 జూన్ 2025

తిరుపతిలో లాయరు మోహన్‌కృష్ణ గారికి వడమాలపేట నుంచి మునిరత్నమ్మ నమస్కరించి రాయునది.

మొదట ఒక సవరణ. మీరు నా పేరుతో తయారుచేసి పంపిన ప్రమాణపత్రంలో ‘నిరక్షరాస్యురాలనైన నాకు చదివి వినిపించగా విని, అర్థం చేసుకొని’ అని రాసి, అడుగున వేలిముద్రకు చదరంగా ఒక గడి గీశారు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు బడిలో తెలుగు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషిని. మీ మూడు పేజీలూ నేనే చదివాను. ఎర్ర సిరాతో దిద్దాను. ఈ ఉత్తరానికి జతచేసి తిప్పి పంపుతున్నాను. నూటికి ఇరవై రెండు మార్కులు వచ్చాయి. అవి కూడా దస్తూరి బాగుందని వేశాను, తర్వాత చూస్తే అది టైపు.

నా మనవరాలు పల్లవి విడాకులు కోరుతున్నది. దానికి నేను అడ్డు కాదు. బాలచంద్రతో దాని పెళ్లి జరిగి నాలుగేళ్లు. పద్నాలుగు నెలలుగా అది తిరుపతిలో, అతను రేణిగుంటలో ఉంటున్నారు. అది ల్యాబులో రక్తం తీస్తుంది, అతను గోదాములో సూపర్‌వైజరు. ఈ పెళ్లి నిలవదని వాళ్లకంటే ముందు నాకే తెలిసింది. నిలవని ముడిని విప్పుకోవచ్చు. విప్పడానికి అబద్ధం ఎందుకని నా ప్రశ్న.

రెండో పేజీలో మీరు ఇలా రాశారు: ‘గంగ జాతర నాడు నా ఇంట్లో, నా కళ్లెదుటే, కూరలో ఉప్పు ఎక్కువైందనే నెపంతో ప్రతివాది స్టీలు కంచాన్ని నా మనవరాలి మీదకు విసిరికొట్టాడు.’ మా ఇంట్లో కంచాలన్నిటి మీదా పేర్లు చెక్కించి ఉంటాయి. ఈ ఇద్దరికీ పెళ్లినాడు పాత కంచాలు రెండూ మార్చేసి, ఇద్దరి పేర్లతో ఒకే పెద్ద కంచం చేయించాను. నిన్న దాన్ని దించి, వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. ఒక్క సొట్ట కూడా లేదు. బాలచంద్ర గోడ మీది బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే రకం. ఆ బల్లిని తోలేది పల్లవి.

ఇంకొక మాట, ఇది తమాషాకు రాయడం లేదు. నిజంగా కంచాలతో, కర్రలతో దెబ్బలు తిన్న ఆడవాళ్లు ఉన్నారు. నా బడిలో పిల్లల్ని చేర్పించడానికి వచ్చినప్పుడు కొంగు కప్పుకున్న మెడలు చూశాను. వాళ్ల గాయాన్ని మీరు అరువు తెచ్చి మా పిల్లకు తగిలిస్తే, రేపు వాళ్లు వచ్చి చెప్పుకున్నప్పుడు ఎవరు నమ్ముతారు? కంచం తీసేయండి. ఇద్దరూ ఇష్టపడి విడిపోతున్నారని రాయండి. సంతకం పెడతాను.

ఇట్లు,
వేలిముద్ర వేయని
మునిరత్నమ్మ

తా.క.: ఫోన్ చేయవద్దు. ఫోన్‌లో అన్న మాటను మర్నాడు ఎవరూ ఒప్పుకోరు. ఏదైనా కాగితం మీద రాయండి.

*

తిరుపతి,
18 జూన్ 2025

గౌరవనీయులైన అమ్మమ్మగారికి న్యాయవాది మోహన్‌కృష్ణ నమస్కారాలండి.

మీరు చదువుకున్నవారని తెలియక జరిగిన పొరపాటండి. మాది కాకినాడ. మా మామగారి ఊరని రెండేళ్ల కిందట తిరుపతిలో ప్రాక్టీసు పెట్టాను. ఈ వైపు పల్లెల్లో ఆ వయసు ఆడవారు సాధారణంగా సంతకం చేయరని మా గుమాస్తా చెప్పడం వల్ల గడి గీయించాను. దయచేసి మనసులో పెట్టుకోవద్దు.

ఇక కంచం విషయం. క్రూరత్వం కారణంగా విడాకులు కోరినప్పుడు ఒక సంఘటన ఉండాలండి. ‘మనసులు కలవలేదు’ అంటే కోర్టుకు ఏమి చూపిస్తాం? అనుభవం మీద చెబుతున్నాను, కంచం ఉన్న కేసులు బాగా కదులుతాయి. పరస్పర అంగీకారం మీద అడగవచ్చు గానీ, మీ అమ్మాయి జయంతి గారు ససేమిరా ఒప్పుకోవడం లేదు. ‘వాళ్లను కోర్టు మెట్లెక్కించాల్సిందే’ అన్నారు. అటువైపు లాయరు ఢిల్లీబాబు గారు కూడా పట్టుదలగా ఉన్నారట.

మీకొక ముఖ్యమైన సంగతి రహస్యంగా రాస్తున్నాను. వాళ్ల సాక్షుల జాబితాలో మొదటి పేరు బాలచంద్ర నాయనమ్మది. ఆవిడ పేరు కూడా మునిరత్నమ్మే, ఊరు కూడా మీ ఊరే. ఈ జిల్లాలో ఇంటికొక ముని పేరు ఉంటుందని గుమాస్తా అన్నాడు. ఈ కాపురం చెడడానికి ఆ ముసలావిడే మూలకారణమని నా అనుమానం. ఆవిడ స్వభావం, బలహీనతలు మీకేమైనా తెలిస్తే రాయండి. క్రాస్ పరీక్షలో ఉపయోగపడతాయి.

భవదీయుడు,
మోహన్‌కృష్ణ

తా.క.: మీరు ఎర్ర సిరాతో దిద్దడం వల్ల ఆ పత్రం కోర్టుకు పనికిరాకుండా పోయిందండి. అయినా ఇరవై రెండు మరీ తక్కువండి.

*

వడమాలపేట,
25 జూన్ 2025

లాయరు మోహన్‌కృష్ణ గారికి మునిరత్నమ్మ ఆశీర్వదించి రాయునది.

మీ వయసు మీ గుమాస్తాను అడిగి తెలుసుకున్నాను. ముప్పై మూడట. అందుకే నమస్కారం మార్చి ఆశీర్వాదం చేశాను.

ఆ మునిరత్నమ్మ గురించి అడిగారు. పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. మొండిది. కాఫీలో చక్కెర ఎక్కువైతే ఇచ్చినవాళ్ల ముఖం మీదే చెబుతుంది. భర్త పోయి తొమ్మిదేళ్లయినా ఆయన చేసిన తప్పులు తేదీలతో సహా చెప్పగలదు. ఒకరి మాట వినదు, నా మాట తప్ప.

బలహీనత అడిగారు గనుక అదీ రాస్తాను. ఈ పెళ్లి కుదిర్చింది ఆవిడే. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే వాకిట్లో ఆడుకున్నారు, కొట్టుకున్నారు, ఒకరి పరీక్షకు ఇంకొకరు భయపడ్డారు, ఇంతకంటే ఏం కావాలి అనుకుంది. పల్లవిని అడిగితే ‘ఆలోచిస్తా’ అన్నది. ఆవిడ దాన్ని ‘సరే’ కింద జమకట్టుకుంది. బాలచంద్రను అడిగితే ‘నీ ఇష్టం’ అన్నాడు. నిజంగానే ఆవిడ ఇష్టం ప్రకారమే చేసేసింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ పెళ్లి మాత్రం ఇద్దరికీ ఇరుకైన చొక్కా. చదువుకున్న మనిషి చేయాల్సిన తప్పు కాదది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసినప్పటి నుంచి ఆ కంచంలో ఎవరికీ వడ్డించలేదు.

ఆవిడ అబద్ధం మాత్రం చెప్పదు. అటువైపు వాళ్లకు కూడా చెప్పదు. మీకు అదే పెద్ద ఇబ్బంది అవుతుంది.

జయంతి ఒప్పుకోలేదన్నారు. పెళ్లి జయంతిది కాదు. పల్లవిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగారా? అడిగితే ఏమన్నది?

ఇట్లు,
మునిరత్నమ్మ

తా.క.: మార్కులు తక్కువన్నారు. నేను ఉంచుకున్న నకలు మళ్లీ దిద్దాను. ‘ప్రతివాది’ అని పదిహేడు చోట్ల తప్పులేకుండా రాశారు గనుక ఇంకో రెండు కలిపాను. ఇరవై నాలుగు.

*

తిరుపతి,
5 జూలై 2025

పూజ్యులైన అమ్మమ్మగారికి మోహన్‌కృష్ణ వ్రాయునది.

మీ ఉత్తరం చదివి ఆనందంతో రెండు కాఫీలు తాగానండి. ఇంత విలువైన సమాచారం ఏ సాక్షీ ఇవ్వలేదు. పిల్లల అంగీకారం సరిగ్గా తీసుకోకుండా ఆ ముసలావిడ ఈ పెళ్లి జరిపించింది. ఇక ఆవిడను వదిలిపెట్టను.

నా వ్యూహం చెబుతాను. మొదట ఆవిడ చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి మీద ప్రశ్నలు వేస్తాను. ఆ వయసులో తారీఖులు తడబడతారు. తర్వాత జాతర నాటి కంచం దగ్గరికి వస్తాను. ‘మీరు ఆ సమయంలో వంటింట్లో ఉన్నారు కదా, కాబట్టి చూడలేదు కదా’ అంటాను. చూడలేదంటే కంచం ఎగరలేదని చెప్పే హక్కు ఆవిడకు లేదు. ఆ వెంటనే మీరు బోనెక్కి, మీరు హాల్లోనే ఉన్నారని, కళ్లారా చూశారని చెప్పాలి. మీకు బడిలో చెప్పిన అనుభవం ఉంది కాబట్టి గొంతు గట్టిగా ఉంటుంది. ఎలా చెప్పాలో ఒక కాగితం మీద టైపు చేయించి జతపరిచాను. కంఠస్థం చేయండి.

ఆవిడను కాస్త బెదరగొట్టాలని నిన్న ఆవిడ పేర కూడా ఒక నోటీసు రిజిస్టరు పోస్టులో పంపాను. దాంపత్యంలో జోక్యం చేసుకున్నందుకు బాధ్యురాలు అవుతారని గట్టిగా రాశాను. అందిందో లేదో, ఆవిడ ముఖం ఎలా మారిందో గమనించి తెలియజేయగలరు.

పల్లవి గారిని విడిగా అడగలేదండి. ప్రతిసారీ జయంతి గారే మాట్లాడతారు. ఆ అమ్మాయి ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది.

భవదీయుడు,
మోహన్‌కృష్ణ

తా.క.: ఆవిడ మీ మాట వింటుందని రాశారు కదండీ. కోర్టుకు రావద్దని ఒకసారి చెప్పి చూడరాదూ?

*

వడమాలపేట,
14 జూలై 2025

చిరంజీవి మోహన్‌కృష్ణకు మునిరత్నమ్మ ఆశీర్వచనాలు.

మీ రెండు కవర్లూ ఒకే రోజు వచ్చాయి. పోస్టుమాన్ చెంగయ్య ఒకటి నా చేతిలో పెట్టి, రెండోది పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. ‘అవ్వా, ఈ రెండోది యాడ ఇయ్యాల?’ అన్నాడు. ‘ఈడే ఇయ్యప్పా, ఆయమ్మకు అందేది నా పూచీ’ అన్నాను. ‘సరే, అయితే ఈడ సంతకం పెట్టు’ అన్నాడు. సంతకం పడింది. ఆ రసీదు కార్డు మీకు తిరిగి వచ్చే ఉంటుంది.

ఆవిడ నోటీసు చదివింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నేను ఎక్కడ నవ్వానో ఆవిడా అక్కడే నవ్వింది. ముఖం మారిందా అని అడిగారు. ‘దాంపత్యంలో జోక్యం’ అన్న చోట మారింది. అది నిజం గనుక. కాసేపు కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కోర్టుకు రావద్దని చెప్పి చూశాను. నేను వెళ్తే తానూ వస్తానంటోంది.

మీరు టైపు చేయించిన కాగితం కంఠస్థం చేయలేదు. డెబ్బై ఆరేళ్ల వయసులో కొత్తగా అబద్ధం నేర్చుకోవడం కష్టం. భద్రంగా మాత్రం దాచాను. మీ సంతకం ఉంది దాని మీద.

ఇప్పుడు ఒకే ఒక ప్రశ్న. డొంకతిరుగుడు లేకుండా, అవునో కాదో రాయండి. భార్యాభర్తలు ఏడాదికి పైగా విడిగా ఉండి, ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద విడాకులు అడిగితే, ఎవరు ఎవరి మీద ఏమి విసిరారో చెప్పనక్కరలేదు కదా?

ఇట్లు,
మునిరత్నమ్మ

తా.క.: నా చూపు గురించి బెంగపడవద్దు. మీ నోటీసులో ‘గౌరవనీయులు’ అన్న మాట కొట్టేసి, దాని మీద సిరా పూసి, మళ్లీ ‘శ్రీమతి’ అని రాయించారు. అద్దాలు లేకుండానే కనిపించింది.

*

తిరుపతి,
28 జూలై 2025

మునిరత్నమ్మ గారికి,

నిన్న ఢిల్లీబాబు గారు తన సాక్షుల ఓటరు కార్డుల నకళ్లు నాకు అందజేశారు. బాలచంద్ర నాయనమ్మ కార్డు మీద మీ ఫోటో ఉంది. ప్రమాణపత్రం కోసం జయంతి గారు ఇచ్చిన మీ కార్డు నంబరూ అదే. పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. మా గుమాస్తా కూడా చూశాడు. మొదట ఇద్దరూ కవలలేమో అన్నాడు. కవలలైతే నంబరు కూడా ఒకటే ఉండదు కదండీ.

అంటే పల్లవి తల్లి జయంతి గారు, బాలచంద్ర తండ్రి మునిప్రసాద్ గారు, ఇద్దరూ మీ కడుపున పుట్టినవాళ్లే అన్నమాట. మీరు ఆ అమ్మాయికి అమ్మమ్మ, ఆ అబ్బాయికి నాయనమ్మ. నెలన్నరగా నా వ్యూహమంతా ప్రతిపక్షం సాక్షికే రాసి పంపుకున్నాను. ఇది న్యాయమా అని అడగను. మీరు నన్ను మోసం చేశారని మాత్రం చెప్పక తప్పదు.

అయినా దేవుడు నాకొక దారి చూపించాడు. హిందూ వివాహ చట్టం ప్రకారం అన్నాచెల్లెళ్ల పిల్లలు ఒకరినొకరు పెళ్లి చేసుకోకూడదు. అది నిషిద్ధ సంబంధం. కాబట్టి ఈ పెళ్లే చెల్లదు. చెల్లని పెళ్లికి విడాకులు అక్కరలేదు. అసలు పెళ్లే జరగలేదని తీర్పు తెచ్చుకుంటే చాలు. కంచం వద్దు, మీరూ వద్దు, ఇంకో మీరూ వద్దు. వచ్చేవారం పిటిషన్ మార్చి వేస్తున్నాను.

ఇట్లు,
మోహన్‌కృష్ణ, న్యాయవాది

తా.క.: మీ ప్రశ్నకు జవాబు అవును. ఏడాది విడిగా ఉండి, ఇక కలిసి బతకలేమని ఇద్దరూ ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటే చాలు. ఆరు నెలలు ఆగి మళ్లీ రమ్మంటారు, ఆ గడువు తగ్గించమని అడగవచ్చు. మీరు అడిగిన పద్ధతిలో ఒక్క ముక్కలో చెప్పాను. దీనికైనా మార్కులు వేస్తారనుకుంటాను.

*

వడమాలపేట,
4 ఆగస్టు 2025

చిరంజీవి మోహన్‌కృష్ణకు, నీ ఇద్దరు సాక్షులూ కలిసి ఆశీర్వదించి రాయునది.

మోసం అన్నావు. ముందు దాన్ని దిద్దాలి. ఇన్ని ఉత్తరాల్లో నేను ఇద్దరినని ఒక్కసారైనా రాశానా? ఇద్దరని నువ్వు రాశావు, ఇద్దరికీ నువ్వే కవర్లు పంపావు. చెంగయ్య తెచ్చిన రసీదు కార్డు మీది సంతకాన్ని నా ఉత్తరాల అడుగున ఉన్నదానితో పోల్చి ఉంటే జూలైలోనే నీకు తెలిసేది. పిల్లల్ని అడిగి ఉంటే జూన్‌లోనే తెలిసేది. జయంతి నీకు చెప్పలేదంటే కారణం ఉంది. తన అన్న కొడుకు తన కూతుర్ని సరిగా చూసుకోలేదని, ఇక చచ్చేదాకా ‘అన్న’ అనే మాట నోట పలకనని ఒట్టు పెట్టుకుంది. వాడూ తక్కువ తినలేదు, ‘చెల్లెలు’ అనడం మానేశాడు. నీ కాగితంలో వాది, ప్రతివాది అని ఉన్నది మనవలే గానీ, అసలు కొట్లాడుకుంటున్నది నా బిడ్డలు. వాళ్ల సంగతి నాకు వదిలెయ్యి.

ఇక చెల్లని పెళ్లి. చట్టంలో ఆ వాక్యం చివరి దాకా చదువు నాయనా. ‘ఆచారం ఒప్పుకుంటే తప్ప’ అని ఉంటుంది. బడిలో కూడా సగం వాక్యం చదివే పిల్లలకే నేను సున్నా వేసేదాన్ని. ఈ సీమలో మేనబావను, మేనమామను చేసుకోవడం మా తాతల నాటి నుంచి ఉంది. నేను చేసుకున్నది మా అమ్మ సొంత తమ్ముడిని. నీ పిటిషన్ ప్రకారం నేను నలభై రెండేళ్లు పరాయి మగవాడికి కాఫీ కలిపి ఇచ్చినట్టు. వడమాలపేట నుంచి పుత్తూరు దాకా సగం ఇళ్లలో పెళ్లే జరగలేదని తీర్పు తెస్తావు. ఆ తర్వాత తిరుపతిలో నీకు అద్దె ఇల్లు ఎవరిస్తారు? మీ మామగారి ఇంట్లో కూడా ఒకమాట అడిగి చూడు. మీ అత్తగారు ఆయనకు ఏమవుతారో.

వాళ్లు నాలుగేళ్లు భార్యాభర్తలు. బాగా లేకపోయినా అది జరిగింది. జరగలేదని ఎవరూ చెప్పకూడదు. అది కూడా అబద్ధమే.

ఇప్పుడు నీకు తెలియని సంగతి. ఢిల్లీబాబు గారు కూడా నాకు మే నెల నుంచి ఉత్తరాలు రాస్తున్నారు. ఆయనకూ ఫోన్ వద్దని, కాగితం మీద రాయమని చెప్పాను. ‘పల్లవి అమ్మమ్మ అట, పేరు కూడా మీదే, చాలా గడుసుదట, జాగ్రత్త’ అని ఆయనా హెచ్చరించాడు. నేను బాలచంద్ర తరఫున చెప్పాల్సిన సాక్ష్యం టైపు చేయించి పంపాడు. అందులో గంగ జాతర నాడు, నా ఇంట్లో, నా కళ్లెదుటే, కూరలో ఉప్పు ఎక్కువైందనే నెపంతో పల్లవి స్టీలు కంచాన్ని బాలచంద్ర మీదకు విసిరికొట్టింది. ఉప్పు మారలేదు, కూర మారలేదు. కంచం మాత్రం అటునుంచి ఇటు వచ్చింది. మీ ఇద్దరూ ఏ పాత కాగితం నుంచి దించుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోను కూడా.

నిన్న ఆదివారం ఇద్దర్నీ రమ్మన్నాను. వాళ్ల తల్లిదండ్రులకు చెప్పలేదు. బాలచంద్ర స్కూటర్ మీద, వెనకాల పల్లవిని కూర్చోబెట్టుకుని వచ్చాడు. మీ రెండు కాగితాలూ చేతికిచ్చాను. చదువుకున్నారు.

‘బావా, నేను నిన్ను కంచం తీసుకొని కొట్టినానంట’ అన్నది పల్లవి.

‘నేనే నీమీద ఇసిరినానని నీ కాగితంలో ఉండాది గదా. సొట్ట యాడుండాదో సూడు, అప్పుడు తెలుస్తాది ఎవురు కొట్టినారో’ అన్నాడు వాడు.

ఇద్దరూ అటక మీది కంచం దింపి, బోర్లించి, తల ఆనించి సొట్ట కోసం వెతికారు. నవ్వి నవ్వి ఆయాసపడ్డారు. తర్వాత పల్లవి ఉన్నట్టుండి ఏడ్చింది. ‘అవ్వా, మేము ఇట్లా నగతా ఉంటే జడ్జి విడాకులు ఇస్తారా?’ అన్నది.

‘నగగూడదని సట్టంలో యాడా రాయలేదు. కలిసి బతకలేమని ఇద్దరూ నిజంగా అనుకుంటే చాలంట. అనుకుంటా ఉండారా?’ అన్నాను.

ఈసారి జవాబు కోసం ఆగాను. నాలుగేళ్ల కిందట ఆగలేదు. ఆ రోజు ‘ఆలోచిస్తా’ అన్న మాటను విని ఉంటే ఈ ఉత్తరాలు ఉండేవి కావు. బాలచంద్ర కంచం మీది పేర్లు వేలితో తడుముతూ, ‘ఔనవ్వా’ అన్నాడు. పల్లవి తల ఊపింది. తల ఊపితే చాలదన్నాను. ‘ఔను’ అన్నది. లేచి వెళ్లి కాగితం, కలం తెచ్చుకున్నాను.

అరపేజీ నేనే రాశాను. ఇద్దరూ సంతకాలు పెట్టారు, దీనికి జతచేశాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు, అందుకే పొట్టిగా వచ్చింది. దాన్ని చట్టం భాషలోకి మార్చడం నీ పని, ఢిల్లీబాబు పని. అర్థం మారకూడదు. ఇద్దరూ కలిసి వేయకపోతే, సాక్షిగా నన్ను పిలిచిన రోజున నేను ఒక సంచితో వస్తాను. నీ మూడు ఉత్తరాలు, ఆయనవి మూడు, టైపు చేయించిన రెండు సాక్ష్యాలు ఒకే దారంతో కుట్టి అందులో పెట్టాను. ఏ వైపు బోనెక్కమంటే ఆ వైపు ఎక్కుతాను.

పెళ్లి కుదిర్చిన తప్పు నాది. అందుకని విప్పే పని కూడా నాదే. వాళ్ల పెళ్లి పోతుంది. బావామరదళ్లు అన్నది మాత్రం ఏ కోర్టూ తీయలేదు. రేపు మళ్లీ నా ఇంట్లో ఒకే వరసలో కూర్చుని తినాల్సినవాళ్లు. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోగలగాలి. నేను కోరేది అంతే.

నీ ఆఖరి తా.క.కు నూటికి నూరు వేశాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఇది మూడోసారి.

ఇట్లు,
పల్లవి అమ్మమ్మ, బాలచంద్ర నాయనమ్మ,
మునిరత్నమ్మ

తా.క.: వచ్చే ఆదివారం మీ ఇద్దరు లాయర్లూ కాగితాలు పట్టుకుని భోజనానికి రండి. పదకొండు గంటల పుత్తూరు బస్సు ఎక్కితే సరిపోతుంది. వచ్చేముందు గాంధీ రోడ్డులో పాత్రల కొట్టుకు వెళ్లి రెండు స్టీలు కంచాలు తీసుకోండి, అంచు ఎత్తుగా ఉన్నవి. ఒకదాని మీద పల్లవి అని, ఇంకొకదాని మీద బాలచంద్ర అని విడివిడిగా చెక్కించండి. ముందు శ్రీ, శ్రీమతి ఏమీ వద్దు. బాలచంద్ర కంచం నువ్వు తీసుకురా, పల్లవిది ఢిల్లీబాబును తెమ్మను. బస్సులో ఒళ్లో పెట్టుకోండి, సొట్ట పడితే తీసుకోను.